శవం నాడి ఎవరూ చూడరు

చెన్నకేశవులు మూడో టేకులో చనిపోయాడు. ఆ సంగతి ఐదో టేకు ముగిసేదాకా ఎవరికీ తెలియలేదు.

నాలుగో టేకు కాగానే దర్శకుడు కళాధర్ కుర్చీలోంచి లేచి మరీ మెచ్చుకున్నాడు. "కనురెప్ప కూడా కదల్లేదు. కేశవా, పదిహేనేళ్ళకి నటన పట్టుబడిందయ్యా నీకు" అన్నాడు. పాడె మీదున్న కేశవులు ఆ పొగడ్తకి పొంగిపోలేదు.

టీవీ సీరియళ్ళ వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. శవంగా నటించినవాడు షాటు పూర్తవగానే లేచి కూర్చుని, కెమెరా వైపు చూసి ఒక్కసారి నవ్వాలి. నవ్వకపోతే ఆ చావు నిజంగానే అంటుకుంటుందని భయం. ఐదో టేకు ఓకే అయ్యాక కళాధర్, "నవ్వవయ్యా కేశవా" అన్నాడు. కేశవులు నవ్వలేదు. "అవతల భోజనాలు చల్లారిపోతున్నాయి, తొందరగా నవ్వు" అన్నాడు. రెండోసారీ నవ్వకపోయేసరికి, ప్రాపర్టీ సామాను చూసుకునే నర్సింలు వెళ్ళి భుజం పట్టి కుదిపాడు. కుదిపినవాడు అక్కడే కూలబడ్డాడు.

ఇదంతా కేశవులి అక్క భ్రమరాంబకి తొమ్మిదిమంది తొమ్మిది రకాలుగా చెప్పారు. ఎవరు ఎలా చెప్పినా, తన తమ్ముడు చచ్చి పడుంటే ఇంకో రెండు టేకులు తీశారన్న ముక్క మాత్రం మారలేదు. ఆ ముక్కని ఆవిడ బొడ్లో తాళంచెవిలా దోపుకుంది. సమయం వచ్చినప్పుడు తీద్దామని.

భ్రమరాంబది బందరు పక్కన చిలకలపూడి. గిల్టు నగలకి పుట్టినిల్లు. హైదరాబాదు వచ్చి, కృష్ణానగర్లో నగల అద్దె కొట్టు పెట్టి ఇరవై రెండేళ్ళయింది. సీరియల్ అత్తలకి కాసులపేరు, కోడళ్ళకి నల్లపూసలు, రెండో భార్యలకి రాళ్ళ నెక్లెసు. ఏ ఛానెల్ తిప్పినా తెర మీద మెడల్లో సగం సరుకు ఆవిడదే. తల్లి పోయినప్పుడు తమ్ముడికి ఎనిమిదేళ్ళు. వాడికి అన్నం పెట్టింది, చదివించింది, చదువు రాదని తేలాక నటుణ్ణి చేసింది. వాడి నటన గురించి లోకం ఏమనుకుంటుందో ఆవిడకి తెలుసు. వాడికి కూడా తెలుసు. ఒక్కరైనా, ఒక్కసారైనా "గొప్ప నటుడు" అనాలని వాడు ఎదురుచూడటమూ తెలుసు.

స్టూడియో డాక్టరు గుండెపోటు అన్నాడు. షుగరున్న మనిషి కాబట్టి ఎవరూ కాదనలేదు. మర్నాడే దహనం అయిపోయింది. ఐదో రోజున, "అత్తింటి అగ్గిపుల్ల" సీరియల్లో కేశవులి చావు ప్రసారమైంది. నాలుగో టేకే వేశారు. ఊళ్ళకి ఊళ్ళు ఏడ్చాయి. నిర్మాత వల్లభరావు కొట్టుకొచ్చి, పట్టు కండువాతో కళ్ళొత్తుకుని, "మీ తమ్ముడు ధన్యుడమ్మా. చచ్చి కూడా మా సీరియల్‌ని మొదటి స్థానంలో నిలబెట్టాడు" అన్నాడు.

"మీ దయ బాబూ" అంది భ్రమరాంబ. గిరాకీ ముందు కోపం చూపించినవాడు కొట్టు కట్టేసుకోవాల్సిందే.

ఆరో రోజు మధ్యాహ్నం సెట్టు నుంచి అద్దె సరుకు వెనక్కొచ్చింది. నర్సింలుది చాదస్తపు నిజాయితీ. వాడిన ప్రతి వస్తువునీ పాత్ర పేరు రాసిన ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి పంపుతాడు. "తాతయ్య శవం" అని రాసిన సంచిలో గిల్టు ఉంగరం, రుద్రాక్షమాల, పంచె ఉన్నాయి. అడుగున ముక్కులో పెట్టిన దూది ఉండలు రెండు. అవి కూడా ప్రాపర్టీయే అని, శవాన్ని ఇంటికి పంపేముందు తీసి దాచాడన్నమాట.

సంచి మూతి విప్పగానే భ్రమరాంబ చెయ్యి ఆగిపోయింది. చేదు బాదంపప్పు వాసన. చిలకలపూడిలో పుట్టిన పిల్లకి ఆ వాసన ఎవరూ నేర్పక్కర్లేదు. బంగారు పూత పూసే గదిలోకి పిల్లల్ని రానివ్వకుండా తండ్రి గుమ్మానికి అడ్డం పెట్టిన బల్ల గుర్తొచ్చింది. సైనైడు.

సంచి మళ్ళీ కట్టేసింది. నేరుగా తన కొట్టు వెనక పూత గదిలోకి వెళ్ళి, బీరువా తీసి డబ్బా చూసింది. డబ్బా ఉంది. దాని మూత ఎప్పుడూ తను బిగించే పద్ధతిలో లేదు.

తన కొట్లో సరుకే తన తమ్ముణ్ణి మింగింది. ఆవిడ అక్కడే పీట మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. ఆ గదిలోకి ఈమధ్య ఎవరెవరు వచ్చారా అని ఒక్కొక్కర్నీ గుర్తు చేసుకోవడం మొదలెట్టింది.

పదకొండో రోజున పైడిరాజు వచ్చాడు. విజయనగరం నుంచి వచ్చిన ఇంజినీరు. మనిషి సన్నం, మాట మెత్తన. సెట్టులో వాడే నాడి కెమెరా కనిపెట్టింది అతనే. మనిషి మొహంలో రక్తం పోటెత్తినప్పుడల్లా చర్మం రంగు వెంట్రుకవాసి మారుతుంది. మన కంటికి కనపడని ఆ మార్పుని అతని కెమెరా పట్టుకుని, ఒక్కో మొహం చుట్టూ చిన్న గడి కట్టి, కింద నాడి గీత గీస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల లేత ఒంటికి వైర్లు అంటించకుండా నాడి చూడటానికని నాలుగేళ్ళు కష్టపడి చేశాడు. ఏ ఆసుపత్రీ కొనలేదు. వల్లభరావు కొన్నాడు.

అప్పట్నుంచి సెట్టులో గ్లిజరిన్ మానేశారు. గీత లేస్తేనే షాటు ఓకే. లేవకపోతే లేపుతారు. అత్త వేషం వేసే పెద్దావిడకి, నీ కొడుక్కి యాక్సిడెంటయిందని చెప్పి, ఏడిపించి, షాటయ్యాక అబద్ధమని చెప్పారు. ఆవిడ రెండోరోజు నిజంగానే ఆసుపత్రి పాలైంది.

"అక్కా, పాపం నాదే" అన్నాడు పైడిరాజు, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని. "శవం మొహానికి గడి తీసీమన్నారు. చచ్చినోడికి నాడి కొట్టుకున్నట్టు చూపిస్తే ఛానెలోళ్ళు నవ్వుతారంట. తీసీసినాను. గడి ఉండుంటే ఆ నిమిషంలోనే తెలిసిపోను."

"జరిగింది వదిలేయ్. ఇప్పుడు చూడొచ్చా?"

"రికార్డు ఉంది కదా. నిన్న గడి కట్టి చూసినాను."

చూపించాడు. పాడె మీద కేశవులు. కింద గీత. మూడో టేకు రెండో నిమిషంలో గీత గబగబా కొట్టుకుని, తడబడి, సాపైపోయింది. భ్రమరాంబ దాన్ని ఒక్కసారే చూసింది. చాలనిపించింది.

"చుట్టూ పన్నెండుమంది ఉన్నారక్కా. చంపినోడు అందులో ఉంటే ఆడి గుండె ఎగరాలి కదా. అందరివీ చూసినాను. ఏ ఒక్కడిదీ ఎగరలేదు. ఏటి చెప్పమంటావు."

"ఎగరడం కాదు బాబూ. దిగడం చూడు."

"దిగడమేటి?"

"బేరం తెగేదాకా కొనేవాడి ఊపిరి పైనే ఉంటుంది. తెగిన మరుక్షణం కిందికి దిగుతుంది. ఇరవై రెండేళ్ళు ఆ ఊపిరి చూసే బతికాను. నా తమ్ముడి గీత ఆగినప్పుడు ఎవరి గీత దిగిందో చూడు."

పైడిరాజు పన్నెండు గీతల్నీ వరసగా పెట్టాడు. పదకొండుమందివి ఆకలి మీదున్న మనుషుల నాడులు, ఉన్నచోటే ఉన్నాయి. పన్నెండోది మొదట్నుంచీ పరుగు పందెంలో ఉన్నట్టు కొట్టుకుంటూ వచ్చి, కేశవులి గీత సాపైన పది క్షణాలకి హాయిగా కిందికి దిగి, గుళ్ళో కూర్చున్నంత ప్రశాంతంగా సాగింది. ఆ గీత మీద పట్టు కండువా ఉంది.

వల్లభరావుకి నటన పిచ్చి. తన సీరియల్లో ఎవరు చచ్చినా, ఊరి పెద్దమనిషిగా కండువా వేసుకుని పాడె పక్కన నిలబడటం ఆయన సరదా.

భ్రమరాంబ నర్సింలుకి ఫోను చేసింది. "ఆరోజు దూది ఎవరు పెట్టార్రా?"

"మూడో టేకు ముంగట పాతది తీసి సారే పెట్టిన్రమ్మా. నీ చెయ్యి వణుకుతది, నేను పెడతా తియ్యి అన్నరు. గంత పెద్దమనిషి శవానికి దూది పెడుతుంటే నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయ్."

ఆ ముందు బుధవారం ఉంగరానికి మెరుగు పెట్టించుకోవాలని వల్లభరావు కొట్టుకి రావడం, పూత గదిలో కూర్చోవడం, తను కాఫీ కోసం లోపలికి వెళ్ళడం భ్రమరాంబకి అప్పటికే గుర్తొచ్చి ఉన్నాయి. కారణమూ తెలుసు. నాడి కెమెరాని ఎలా బోల్తా కొట్టించాలో కేశవులు కనిపెట్టాడు. నాలుకని అంగిట్లో నొక్కి, కాలివేళ్ళు బిగించి, ఊపిరిని ఒక లెక్కలో వదులుతూ గీతని తన ఇష్టం వచ్చినట్టు లేపేవాడు, దించేవాడు. ఇంట్లో పైడిరాజు పాత కెమెరా ముందు చేసి చూపించి, "ఆదివారం ప్రెస్సు వాళ్ళని పిలిచానక్కా. లోపల మినపట్టు గురించి ఆలోచిస్తూ బయట గుండె పగిలేలా ఏడుస్తా. గీత నమ్మేస్తుంది. ఆ తర్వాత ముసలమ్మలకి అబద్ధాలు చెప్పి ఏడిపించే పని ఉండదు" అన్నాడు. ఆ వీడియో ఆవిడ ఫోన్లో ఉంది. సోమవారం ఆరు ఛానెళ్ళ వాళ్ళు ఆ కెమెరా కొనడానికి సంతకాలు పెట్టాల్సి ఉంది. శనివారం కేశవులు చనిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ భూమయ్య సంచిలో ముక్కు పెట్టి బాగా పీల్చాడు. "నాకైతే ఏం వాసన వస్తలేదమ్మా."

"కొందరి ముక్కుకి అందదు బాబూ. పరీక్షకి పంపండి."

"పంపుతం. మీ కొట్లది సైనైడే అంటున్నరు, మల్ల మీ మీదికే వస్తది కేసు. ఆలోచించుకోండ్రి."

పంపడానికి ముందు ఆయన ఆ సంచిని మూడు రోజులు మూతి విప్పి బల్ల మీద పెట్టాడు. వచ్చినవాళ్ళందరికీ వాసన చూపించాడు. వల్లభరావు టీ తాగడానికి వస్తే ఆయనకి కూడా కథంతా చెప్పాడు. అప్పటికి విషమంతా గాలికి పోయింది, పరీక్షలో ఏమీ తేలలేదు.

భ్రమరాంబ మర్నాడు వల్లభరావు ఆఫీసుకి వెళ్ళింది. తమ్ముడి చావు తర్వాత సీరియల్ చప్పబడిందని, ఛానెళ్ళ వాళ్ళు సంతకాలు వాయిదా వేశారని అప్పటికే బజారంతా తెలుసు.

"బాబూ, ఒక మాట. జనానికి ఇంకో పెద్ద చావు కావాలి" అంది.

"ఎవరు చస్తే బాగుంటుందంటావు?"

"మీరే."

వల్లభరావు ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ మొహంలో నగలమ్మే మనిషి తప్ప ఇంకెవరూ లేరు.

"ఊరి పెద్దమనిషి పోతే ఊరు తట్టుకుంటుందా బాబూ? మా వీధిలో ఆడవాళ్ళకి మీ కండువా కనపడితేనే ధైర్యం. ఐదు ఎపిసోడ్లు ఏడుస్తారు."

"ఏడు చేద్దాం" అన్నాడు వల్లభరావు. కండువా సర్దుకుని, "అంపశయ్య మీద ఒక ఉపన్యాసం కూడా పెడదాం" అన్నాడు. ఛానెళ్ళ వాళ్ళని ఆ షూటింగుకే పిలుద్దామని తనే అన్నాడు. ఇన్‌స్పెక్టర్ని పిలుద్దామని భ్రమరాంబ అంది. పెద్దమనుషులు చూడాలి కదా అని.

షూటింగు రోజున వల్లభరావు పాడె మీద మహా ఠీవిగా పడుకున్నాడు. ఆరు ఛానెళ్ళ వాళ్ళు మానిటర్ ముందు కుర్చీల్లో కూర్చున్నారు. భూమయ్య మిరపకాయ బజ్జీ తింటూ నిలబడ్డాడు. నర్సింలు దూది పట్టుకొచ్చాడు.

"ఇటివ్వు. నీ చెయ్యి వణుకుతుంది" అంది భ్రమరాంబ. ఆ దూదికి ఆవిడ బేకరీలో కొన్న బాదం ఎసెన్సు రెండు చుక్కలు రాసి ఉంచింది. కేకులో వేసి పసిపిల్లలకి పెట్టేదే. దూది ముక్కులో పెట్టి, దండ సర్దుతున్నట్టు వంగి, చెవిలో చెప్పింది. "మా కొట్లో సరుకే బాబూ. మీకు అలవాటైనదే."

పైడిరాజు ఈసారి శవానికి గడి తీయలేదు. గీత ఒక్కసారిగా లేచి గడి దాటిపోయింది. దాని వెనకే వల్లభరావు లేచాడు. దూది పీకి పారేసి, దండతో, పాడె వెదురు ఒకటి పంచెకి తగులుకుని ఈడ్చుకొస్తుండగా, కుళాయి వైపు పరిగెత్తాడు. "సైనైడు. సైనైడు పెట్టింది. ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అని అరిచాడు. కట్ చెప్పాలని కళాధర్‌కి తోచలేదు. "ఏం చేశారండీ సార్" అని చప్పట్లు కొట్టాడు. ఇంకో ఇద్దరు కూడా కొట్టారు.

భ్రమరాంబ కింద పడ్డ దూది తీసి, ఆ చేత్తోనే భూమయ్య బజ్జీల పళ్ళెం పక్కన ఎసెన్సు సీసా పెట్టింది. "వాసన చూడండి బాబూ. ఇది కూడా రాదా?"

భూమయ్య బజ్జీ కింద పెట్టి, వల్లభరావుని అరెస్టు చేశాడు.

అరెస్టు చేయడం వేరు, శిక్ష పడటం వేరు. వల్లభరావు లాయరు గట్టివాడు. సైనైడు మాట ఇన్‌స్పెక్టరే చెప్పాడు, కసి పట్టిన ఆడమనిషి తనని చంపబోతోందని మా వాడు భయపడ్డాడు, అందులో తప్పేముంది అన్నాడు. దూది పరీక్షలో ఏమీ లేదు. మిగిలింది మూడో టేకులో దిగిన గీత. అసలు మా వాడికి కేశవుల్ని చంపాల్సిన పనేమిటి, ప్రెస్సు సంగతి కానీ, కెమెరా కిటుకు సంగతి కానీ చచ్చిపోయేదాకా ఆయనకి తెలియనే తెలియదు అని కాగితం మీద రాసిచ్చాడు.

ప్రభుత్వ లాయరు భ్రమరాంబతో, "అమ్మా, కారణం నిలబడకపోతే కేసు నిలబడదు. ఆ పైన, కెమెరాని మోసం చేయొచ్చని మీ తమ్ముడే నిరూపించాడని మీరొప్పుకుంటే ఆ గీత కూడా పోతుంది. ఆ ప్రశ్న తప్పకుండా వేస్తారు" అని ముందే చెప్పాడు.

కోర్టు వరండాలో పైడిరాజు మొహం వేలాడేసుకుని నిలబడ్డాడు. "అక్కా, అసలు ఆ కెమెరాని పగలగొట్టీమంటావా?"

"ఎందుకూ పగలగొట్టడం? పెద్దవాళ్ళకి చూపించావు, అదీ నీ తప్పు. నటించడం తెలియనివాళ్ళకి చూపించు. మీ విజయనగరం ఆసుపత్రిలో పసికందులు లేరా?" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

వల్లభరావు లాయరు నవ్వుతూ మొదలుపెట్టాడు. "అమ్మా, మీ తమ్ముడు నాడి కెమెరాని బోల్తా కొట్టించగలనని పత్రికలవాళ్ళని పిలిచారు. నిజమేనా?"

"పిలిచాడండి."

"గీతని తన ఇష్టం వచ్చినట్టు లేపి, దించగలిగేవాడు. అవునా కాదా?"

భ్రమరాంబ బోనులో కొయ్య మీద రెండు చేతులూ ఆనించింది. వీడియో ఉన్న ఫోను సంచిలో ఉంది. బోనుకి ఎదురుగా, రెండు గజాల దూరంలో వల్లభరావు కూర్చున్నాడు. ఆవిడ లాయరుని చూడలేదు. వల్లభరావునే చూస్తూ చెప్పింది.

"లేదండి. వాడి వల్ల ఎక్కడవుతుంది."

లాయరు నవ్వు తగ్గింది. "మరి పత్రికలవాళ్ళని ఎందుకు పిలిచాడు?"

"ఉత్త గొప్పలకండి. వాడికి నటన రాదు. సెట్టులో అందరూ నవ్వేవారు. శవం వేషం తప్ప ఏదిచ్చినా పాడు చేసేవాడు. మెషిన్ని మోసం చేసేంత పనితనం వాడికెక్కడిది? కెమెరా ఎవర్నీ తప్పు చూపించదు బాబూ. ఎవరి గీత దిగిందో వాళ్ళదే దిగింది."

లాయరు కాగితాలు తిరగేశాడు. "పత్రికలవాళ్ళకి అతను ఫోన్లో చెప్పిన..."

"చెప్పడానికేముందండి. చచ్చినవాడి గురించి అనకూడదు కానీ, మా తమ్ముడు ఎందుకూ పనికిరాని నటుడు. దేవుడి మీద ప్రమాణం చేశాను కదా. ఇదే రాసుకోండి."

న్యాయమూర్తి రాసుకోవడం మొదలుపెట్టాడు. కలం కదులుతున్నకొద్దీ వల్లభరావు మొహం మీద చెమట పట్టింది. ఆయన తన లాయరు కోటు పట్టి లాగాడు. లాయరు చేత్తో ఆగమన్నాడు. న్యాయమూర్తి ఇంకో వాక్యం రాశాడు.

వల్లభరావు లేచి నిలబడ్డాడు. "అబద్ధమండీ. ఈవిడ అబద్ధం చెబుతోంది. కేశవులు గొప్ప నటుడు. మామూలు నటుడు కాదు, నేను నలభై ఏళ్ళలో అలాంటివాణ్ణి చూడలేదు."

"కూర్చోండి సార్" అన్నాడు లాయరు.

"ఎలా కూర్చోమంటావయ్యా, రాసేసుకుంటుంటే. నా కళ్ళారా చూశానండీ. మంగళవారం నా ఆఫీసుకొచ్చి, నా కెమెరా ముందే కూర్చుని చేశాడు. నవ్వుతూ గీతని చచ్చేవాడి గీతలా చేశాడు, ఏడుస్తూ నిద్రపోయేవాడి గీతలా చేశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆదివారం అందరికీ చూపిస్తానన్నాడు. ఆ కెమెరా వట్టి బొమ్మ అని నాకు ఆరోజే తెలుసండీ."

వల్లభరావు లాయరు మెల్లగా తన కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

న్యాయమూర్తి కలం ఎత్తి అడిగాడు. "అంటే, అతను చనిపోవడానికి నాలుగు రోజుల ముందే ఈ సంగతి మీకు తెలుసన్నమాట."

వల్లభరావు తన లాయరు వైపు తిరిగాడు.

తమ్ముడికి కడుపులో మాట దాచుకోవడం రాదని, కొత్తగా ఏది నేర్చినా ముందు యజమానికి చూపించి మెప్పు కోరతాడని భ్రమరాంబకి మొదట్నుంచీ అనుమానం. దానికి సాక్షి లేడు. ఉన్న ఒక్క సాక్షీ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. సరుకు పనికిరాదని కొనేవాడు పెదవి విరిస్తే, అమ్మేవాడు దాని గొప్పలన్నీ తనే కక్కుతాడు. ఆవిడ చేసింది అంతే.

న్యాయమూర్తి ఆవిడ వైపు తిరిగాడు. "మీరు ఇంకేమైనా చెప్పాలా?"

"చెప్పడానికేం లేదండి. ఒకటి అడగాలి." ఆవిడ న్యాయమూర్తి ముందున్న కాగితాల వైపు చూసింది. "ఆ బాబు ఇప్పుడు అన్నదంతా రాసుకున్నారు కదా. గొప్ప నటుడన్న ముక్క కూడా?"

"అంతా రాశాం."

"ముద్ర వేసిన కాపీ ఒకటి ఇప్పించండి. మా తమ్ముడి ఫోటో పక్కన కట్టించుకుంటాను."